యమున అందరి కాళ్లూ ఎందుకు పట్టుకుంటుంది

ఇబ్రహీంపట్నంలో చెరువు దిక్కు వాడలో ఒక మాట తిరుగుతోంది. దవాఖానలో కూర్చునే యమున వచ్చే మున్సిపల్ ఎలక్షన్లలో కౌన్సిలర్‌గా నిలబడుతుందట. అందుకే వచ్చినవాళ్లందరి కాళ్లూ పట్టుకుంటోందట. ముసలీ లేదు ముతకా లేదు, ఆ కులం ఈ కులం లేదు, పీట వేసుకుని కింద కూర్చుంటుందట, చెప్పులు తన చేత్తోనే విప్పుతుందట, పాదం తీసి ఒళ్లో పెట్టుకుంటుందట. ఓట్ల కోసం కాకపోతే ఇంత వంగడం దేనికని కిరాణా కొట్టు దగ్గర ఒకరంటే, ఎలక్షన్ కాదు మొక్కు అని నల్లా దగ్గర ఇంకొకరు. ఏ దేవతకు మొక్కిందో, ఎన్ని పాదాలకు మొక్కిందో కూడా కొందరు లెక్క చెప్పేస్తున్నారు.

రెండూ అబద్ధాలే. ఎలక్షన్ అనే మాట వింటేనే యమునకు తలనొప్పి లేస్తుంది. మొక్కంటారా, బోనాల పండక్కి తప్ప గుడి మెట్టెక్కే తీరిక లేని మనిషి ఆమె. కాళ్లు పట్టుకుంటున్న మాట మాత్రం నిజమే. ఎందుకు పట్టుకుంటుందో తెలియాలంటే ఆమె పెళ్లి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

యమున ఈ వాడ ఆడబిడ్డే. తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు. పెదనాన్న అంజిలయ్య చెరువులో చేపలు పట్టి, పెద్దమ్మ ఈదమ్మ ఆ చేపలు గంపలో పెట్టుకుని అంగట్లో అమ్మి, తమ కొడుకు జైపాల్‌తో సమానంగా ఆమెను పెంచారు. నర్సు చదువు చదివించారు. చదువైపోయాక పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. రావిర్యాల దిక్కు కంపెనీలో పనిచేసే ధర్మేందర్‌తో పెళ్లి కుదిరింది.

పెళ్లిలో కాళ్లు కడిగే వేళకు తండ్రి స్థానంలో ఎవరు కూర్చోవాలి? అంజిలయ్య కూర్చున్నాడు, పక్కన ఈదమ్మ. ఇత్తడి తాంబాళంలో పిల్లవీ, పిల్లగాడివీ పాదాలు పెట్టించి, పాలూ నీళ్లూ పోసి కడిగి, ఆ నీళ్లు ఇద్దరూ నెత్తిన చల్లుకున్నారు. జీవితమంతా చెరువు నీళ్లలో నానిన ఆ మొద్దు వేళ్లు తన పాదాల మీద ఎంత మెత్తగా కదిలాయో యమునకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు అప్పగింతల ఏడుపని అందరూ అనుకున్నారు.

తర్వాత కొన్నేళ్లకు ఊరే మారిపోయింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, జొన్న చేలల్లో వెంచర్ల రాళ్లు మొలిచాయి, నిన్నటిదాకా ఎడ్లబండి తోలినవాడు కారులో తిరుగుతూ ప్లాట్లు చూపించడం మొదలుపెట్టాడు. మనుషుల ఒంట్లోకి బీపీలూ షుగర్లూ కూడా అదే జోరులో వచ్చాయి. అంత మందికి డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? అనుభవమున్న నర్సులకే ఆరు నెలలు పైచదువు చెప్పి చిన్న దవాఖానల్లో కూర్చోబెట్టాలని సర్కారు నిర్ణయించింది. యమున పరీక్ష రాసి అందులో చేరింది.

ఆ చదువులో నేర్పింది సూది మందు ఇవ్వడం కాదు. అది ఆమెకు నిద్రలోనూ వచ్చు. నేర్పింది చూడడం. ఏ దగ్గుకు మందిచ్చి ఇంటికి పంపాలి, ఏ దగ్గును పెద్ద దవాఖానకు తోలాలి. ఏ కడుపునొప్పి ఆగుతుంది, ఏది ఆగదు. పొగాకు నమిలేవాళ్ల నోట్లో లైటు వేసి ఏం వెతకాలి. అక్కడ రాంచంద్ర సార్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. కోపం ముక్కు మీదే. "ఇన్నాళ్లు డాక్టర్ చెప్పింది చేసినరు. ఇప్పటి సంది మొదటి చూపు మీదే. మీరు చూడకపోతే ఇంకెవ్వరు చూడరు," అని రోజూ అనేవాడు.

షుగర్ పాఠం నాడు ఆయన జేబులోంచి ఒక చిన్న కర్ర తీశాడు. దాని కొసకు సన్నటి నైలాన్ దారం ముక్క ఉంది. షుగర్ మనిషిని కళ్లు మూసుకోమని ఆ దారం కొనతో అరికాలు మీద, వేళ్ల మీద తాకాలి. తగిలినప్పుడల్లా అతను చెప్పాలి. చెప్పలేదంటే అక్కడ కాలికి సోయి పోయినట్టు. సోయి లేని కాలికి ముల్లు గుచ్చినా, మంట తగిలినా తెలియదు. తెలియని పుండు లోపల్లోపల ఎముకదాకా పోతుంది. "షుగరోడు వస్తే ముఖం తర్వాత చూడున్రి, ముందుగాల కాళ్లు చూడున్రి. సిగ్గుపడి ఇయ్యకుంటే వేరేటోళ్లతోటి చూపియ్యున్రి. చూడకుండ మాత్రం పంపొద్దు," అని రాంచంద్ర సార్ బల్ల గుద్ది చెప్పాడు.

ట్రైనింగ్ అయ్యాక యమునను ఏరి కోరి వేసినట్టు పుట్టిన వాడ దవాఖానకే వేశారు. వాడంతా మురిసిపోయింది కానీ ఈమెను ఏమని పిలవాలో తేలలేదు. సిస్టర్ అందామంటే మందులు తనే రాసిస్తోంది, డాక్టర్ అందామంటే పెద్ద డాక్టర్‌ను ఫోన్లో అడుగుతోంది. నోటి దురుసుకు పేరుపడ్డ పోశమ్మ ఆ పంచాయితీ తెంపేసింది.

"సూది ఇస్తనే లేదు, డాక్టర్ ఎట్లైతది? గట్లని ఉత్త నర్సు గాదు. సగం డాక్టరమ్మ అనున్రి, అయిపోతది."

"మిగిలిన సగం ఎప్పుడిస్తవే పోశమ్మత్తా?" అని యమున నవ్వింది.

"నువ్వు నాకు సూది ఇచ్చిన్నాడు."

అప్పటి నుంచి సగం డాక్టరమ్మ అనే పేరు స్థిరపడింది.

అంజిలయ్యకు షుగర్ ఉందని పట్టుకున్నదీ యమునే. మొదటిసారి గోళీలిచ్చి, డ్రాయర్‌లోంచి దారం కర్ర తీసి, స్టూలు పక్కన వంగింది. ముసలాయన తేలు కుట్టినట్టు లేచాడు.

"ఏయ్, ఏయ్! ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"కాళ్లు చూడాలె పెద్దబాపూ. అందరియి చూస్త."

"అందరియి చూసుకో. నీ కాళ్లు గడిగి నెత్తిన సల్లుకున్నోన్ని, నువ్వు నా కాళ్లు పడితే నాకు పుట్టగతులుంటయా? ఆడబిడ్డతోటి కాళ్లు పట్టిచ్చుకున్నోడు బాగుపడుడు ఎన్నడన్న ఇన్నవా? లెవ్, లెవ్. నాకు పాపం జుట్టకు."

బయట వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. యమునకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులో గర్వం కూడా ఉంది, దాచడం దేనికి. ఇంత చదివినా ఈయన కళ్లకు తను ఇంకా తాంబాళంలో పాదాలు పెట్టుకున్న పిల్లే. దారం కర్ర మళ్లీ డ్రాయర్‌లో పడింది. రెండోసారి వచ్చినప్పుడు వంగలేదు, "కాళ్లు మంచిగున్నయా?" అని అడిగింది. "రాయి లెక్కున్నయ్," అన్నాడాయన, పాదాలు స్టూలు కిందికి లాక్కుంటూ. ఆ తర్వాత అడగడమూ మానేసింది. వారంలో కొన్ని రోజులు సంజీవ అనే మగ ఉద్యోగి దవాఖానకు వచ్చేవాడు. "సంజీవన్నా, జర పెద్దబాపు కాళ్లు చూడు," అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట ఆమె నోటి నుంచి రాలేదు.

ఆ ఏడాది వానలు దంచికొట్టాయి. ఏళ్ల తరబడి ఎండి, పగుళ్లు బారిన చెరువు నిండింది. వాడలో మగవాళ్లంతా పిల్లలైపోయారు. అంజిలయ్య అటక మీది వలలు దింపి, తెప్ప కట్టుకుని, పొద్దున పోతే సందెకు వచ్చేవాడు. అయితే చెరువు ఎండి ఉన్న ఆ ఏళ్లలో కొత్త ఇళ్లు కట్టినవాళ్లు పగిలిన టైల్స్, సిమెంటు పెళ్లలు లారీలకెత్తి ఒడ్డున పోసి పోయారు. నీళ్లొచ్చి అదంతా కప్పేసింది. ఒకరోజు ఏ బాత్రూం టైలు ముక్కో అంజిలయ్య అరికాల్లో దిగింది. దిగినట్టు ఆయనకు తెలియనే లేదు. కాలికి సోయి ఉంటే కదా.

వాసన మొదలైంది. చేపల ఇంట్లో నీచు వాసన ఎవరికి పట్టింపు? వల విదిలించి ఆరేసింది ఈదమ్మ, గంప కడిగింది, వాకిలి కడిగింది. మూలమూలలా ఏ చేప కుళ్లిందో అని వెతికింది. మొగుడి కాలు మాత్రం వెతకలేదు, ఆయన నడుస్తూనే ఉన్నాడు కాబట్టి. చివరికి మడమ కింద చీము కనబడ్డ రోజు గడ్డిచామంతి ఆకు దంచి పసరు పిండి, ఆ ఆకుతోనే కట్టు కట్టింది. వాడలో ఎవరికి దెబ్బ తగిలినా ఆమె పసరే మందు, ఇన్నేళ్లుగా అది వమ్ముపోయింది లేదు. ఆ తెల్లారికే చలిజ్వరం, కాలు నలుపు. జైపాల్ ఆటోలో వేసుకుని పట్నంలో పెద్ద దవాఖానకు పరుగెత్తాడు. ప్రాణం దక్కాలంటే మోకాలి కింద తీసేయాలన్నారు. తీసేశారు.

అక్కడ కట్టు విప్పిన మనిషి ఆకు చూసి చిరాకుపడ్డాడు. "ఆకులు అలుములు పెట్టి, మొత్తం పాడుచేసి, అప్పుడు తీసుకొస్తరు," అన్నాడు. జైపాల్ ఆ మాట పట్టుకున్నాడు. వార్డు బయట తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"నీ పసరు పాడుగాను! బాపు కాలు నువ్వే తీయిచ్చినవ్. మన వాడలనే యమునక్క ఉండంగ ఆకు పెట్టుడేందే నీకు? అక్కను అడిగినవా ఒక్క మాట?"

ఈదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఒరిగిపోయింది. కొబ్బరినీళ్ల సీసా పట్టుకుని యమున అప్పుడే అక్కడికి చేరింది. తన పేరు విన్నది, అదీ మెచ్చుకోలుగా.

జైపాల్ మందులకు కిందికి పోయాక ఆపరేషన్ చేసిన డాక్టర్ బయటికొచ్చాడు. నువ్వు నర్సువా అని అడిగి, నర్సుకు చెప్పినట్టే చెప్పాడు: పసరు సంగతి పక్కన పెట్టమ్మా, టైలు ముక్క లోపల చాలా వారాల నుంచి ఉంది, ఎముక ఎప్పుడో పుచ్చింది, మొదట్లోనే ఎవరైనా కాలెత్తి చూసి ఉంటే చిన్న కోతతో పోయేది. యమున తలూపింది. జైపాల్ తిరిగొచ్చాక ఈ మాట చెప్పాలి. వచ్చాడు. చెప్పలేదు. ఇంటికి తెచ్చాక చెప్పాలి. తెచ్చారు. చెప్పలేదు. ఒక్కరోజు దాటితే రెండో రోజు మాట ఇంకా బరువెక్కుతుంది, మూడో రోజు లేవనే లేవదు.

వాడంతా ఈదమ్మ పసరే అనేసింది. కాలిన చేతికీ, తెగిన వేలికీ ఆమె గుమ్మం ఎక్కినవాళ్లే ఇప్పుడు అటు చూడడం మానేశారు. ఆమె అంగడికి పోవడం మానేసింది. వాకిట్లో మొలిచిన గడ్డిచామంతిని వేళ్లతో సహా పీకి పారేసింది. జైపాల్ భార్య శివాని అన్నం వడ్డించిన పళ్లెం కూడా ఈదమ్మ అంజిలయ్య ముందుకు జరపదు, "నా చెయ్యి మంచిది గాదు, నువ్వే పెట్టు బిడ్డా," అంటుంది.

యమునకు అన్నం సహించలేదు. ధర్మేందర్ అడగ్గా అడగ్గా ఒకనాడు బయటపెట్టింది.

"నువ్వు అడిగినవ్, ఆయన ఇయ్యలే. నీ తప్పేమున్నది?" అన్నాడతను.

"అడిగిన. ఆయన వద్దంటే నవ్విన."

"నవ్వితే తప్పా?"

"పోశమ్మత్త వద్దంటే నవ్వుతనా? కొట్లాడి చూస్త. మా పెద్దబాపుకే చూడలే."



ఆ మర్నాటి నుంచి ఆమె దవాఖానలో స్టూలు పక్కకు నెట్టి పీట వేసుకుంది. షుగర్ మనిషి అన్నవాడు గుమ్మం దాటితే ముందు కాళ్లు, తర్వాతే మాట. ఊర్లో పెద్ద మనుషులు సిగ్గుతో ముడుచుకుపోయినా వదల్లేదు. అదిగో, ఓట్ల కథ అక్కడే పుట్టింది. పోశమ్మ అయితే ముఖం మీదే అనేసింది.

"ఓటు నీకే ఏస్త గని కాలు ఇడువవే, కితకితలైతున్నయ్."

"కితకితలైతే నీ కాలు మంచిదే అత్తా. కాకుంటెనే భయం," అంది యమున. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ మాటకు నవ్వలేదు. అది పోశమ్మ గమనించింది. గమనించి ఊరుకుంటే పోశమ్మ ఎట్లవుతుంది? పోయి ఈదమ్మకు చెప్పింది: మీ పిల్ల అందరి కాళ్లూ పడుతున్నది, పట్టుకున్నప్పుడల్లా ఏడుపు ముఖం పెడుతున్నది, ఏందో సంగతున్నది.

ఈదమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం యమున పెద్దబాపు ఇంటికి వచ్చింది. అంజిలయ్య నులక మంచం మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. జైపాల్ గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. ఈదమ్మ ఎప్పటిలాగే ఇంటి లోపలి గోడకు ఆనుకుని ఉంది. యమున మాటామంతీ లేకుండా మంచం ముందు నేల మీద కూర్చుని, మిగిలిన ఆ ఒక్క పాదాన్ని పట్టుకుంది. అంజిలయ్య ఈసారి వెనక్కి లాక్కోలేదు.

"పట్టు బిడ్డా. ఒక్క కాలు మిగిలె. గీ దానికెంత పాపం అంటుకుంటదో అంటుకోనీ," అన్నాడు నవ్వబోతూ.

ఆమె సంచిలోంచి దారం కర్ర తీసింది. ముసలాయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "గిది గాలం దారం గదనే! దీంతోటి చేపలు పడతం, నువ్వేం పడతవ్?"

"కళ్లు మూసుకో పెద్దబాపూ. దారం ముట్టినప్పుడల్లా ఆఁ అను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. యమున బొటనవేలికి దారం ఆనించి నొక్కింది. దారం వంగింది. ఆయన ఏమీ అనలేదు. అరికాలి మధ్య నొక్కింది. మళ్లీ వంగింది. మడమకు, చిటికెన వేలికి.

"ఇగ మొదలుపెట్టు మరి," అన్నాడు అంజిలయ్య, కళ్లు మూసుకునే.

ఈదమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, మంచం కోడు దగ్గర నిలబడి ఉంది. దారం వంగడం చూసింది. మొగుడి ముఖం చూసింది. ఎంత నొక్కినా ఆయనకు తెలియడం లేదు. టైలు ముక్క మీద కూడా వారాల తరబడి ఇట్లాగే తెలియకుండా నడిచాడన్నమాట.

"యమునా."

"ఆఁ పెద్దమ్మా."

"గీ దారం నీ కాడికి ఎప్పుడొచ్చింది? ఆయన కాలు పోయినంక ఇచ్చిన్రా, ముందుగాలనే ఉండెనా?"

జైపాల్ ఫోన్లోంచి తలెత్తాడు. అంజిలయ్య కళ్లు తెరిచాడు. యమున చేతిలో పాదం అలాగే ఉంది.

"పోశమ్మ చెప్పినప్పటి సంది అడుగుదామనే చూస్తున్న," అంది ఈదమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అదే యమునకు కష్టంగా ఉంది. "నువ్వు చదువుకున్నదానివి. నా మొఖం చూడకు, నిజం చెప్పు. నా పసరుతోటేనా గా కాలు పోయింది?"

యమున ఆమె ముఖమే చూసింది.

"కాదు పెద్దమ్మా. నీ పసరుతోటి పోలే. నువ్వు ఆకు పెట్టేటాళ్లకే లోపల ఎముక పుచ్చింది. డాక్టర్ ఆ దినమే నాకు చెప్పిండు, నేనే మీకు చెప్పకుండ నోరు మూసుకున్న. జైపాల్, నువ్వు గూడ ఇను. గీ దారం ట్రైనింగ్ కాడికెళ్లి వచ్చిన్నాటి సంది నా డ్రాయర్‌లనే ఉండె. చూడాల్సింది నేను. పెద్దబాపు వద్దంటే మురిసి ఊకున్న. నేను చూస్తే ఆ కాలు ఉండేది."